టికెట్టు సరే, మెట్టు మాటేమిటి? – నగరంలో పెద్దల బస్సు ప్రయాణం

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, కరెంటాఫీసు లైన్‌మన్‌లు, సహకార సంఘాల గుమాస్తాలు, సాగు పిల్లలకో కౌలుదారుకో అప్పగించిన రైతులు – నల్లగొండ జిల్లా పల్లెల నుంచి హైదరాబాదులో కొడుకుల, కూతుళ్ల ఇళ్లకు చేరిన పెద్దలు ఊరికి ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. పండుగకు ఊరు వచ్చినప్పుడు వీరిని కదిలిస్తే తిండికీ బట్టకూ లోటు లేదనే చెబుతారు. కాని గడప దాటి ఎటు పోవాలన్నా ఎవరో ఒకరు వెంట రావాలన్నదే వీరందరి బాధ.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ డెబ్బయి ఏళ్ల మనిషి సయితం పొద్దున్నే లేచి చెలక దాకా నడిచి వస్తాడు. మండల కేంద్రంలో పని పడితే చెయ్యెత్తి పల్లెవెలుగు ఆపుకుంటాడు. డ్రైవరూ కండక్టరూ ముఖపరిచయం ఉన్నవారే గనుక ఆయన ఎక్కి కూర్చునే దాకా బస్సు కదలదు. అదే మనిషి నగరంలో అపార్టుమెంటు మూడో అంతస్తుకు చేరాక, మందుల షాపుకు పోవడానికి కూడా కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా కాచుకోవలసి వస్తోంది. ఆటోవాలా అడిగినంత ఇచ్చుకోలేడు. ఫోనులో కారు పిలిపించడం చేతకాదు, చేతనైనా నెలనెలా వచ్చే పెన్షను అందుకు చాలదు. ఇక మిగిలింది సిటీ బస్సే.

ఈ విషయాన్ని ప్రభుత్వాలు ఇన్నేళ్లుగా టికెట్టు సమస్యగానే చూస్తున్నాయి. ఎవరికి ఎంత తగ్గించాలి, ఎవరికి ఉచితం చేయాలి అన్న చర్చే జరుగుతోంది. వృద్ధుల విషయంలో అసలు చిక్కు టికెట్టు దగ్గర కాదు, అంతకంటే ముందు బస్సు మెట్టు దగ్గరే వస్తోంది.

ఎవరికి ఉచితం, ఎవరికి కాదు

ముందు టికెట్టు సంగతే చూద్దాం. మహిళలకు సంబంధించినంతవరకు అది చాలావరకు తీరింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైన నాటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఆధార్ కార్డు చూపిన మహిళకు జీరో టికెట్టు ఇస్తున్నారు. 2025 జూలై నాటికి ఇలా సాగిన ప్రయాణాలు 200 కోట్లకు చేరాయి. నల్లగొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కిన అవ్వ నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్.బి.నగర్‌లో దిగి, అక్కడ సిటీ బస్సు పట్టుకొని మనుమరాలి ఇంటికి చేరేదాకా చేతి నుంచి పైసా తీయనక్కరలేదు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామందికి జరుగుతోంది. మెట్రో ఎక్స్‌ప్రెస్ అన్నది ఆర్టీసీ బస్సు పేరు. మెట్రో రైలు వేరు. రైలులో ఈ ఉచితం చెల్లదు. మెట్రో డీలక్స్, ఏసీ బస్సుల్లోనూ చెల్లదు. పేరులో మెట్రో ఉన్నదని ఎక్కి కూర్చుంటే కండక్టరుతో మాటలు పడవలసి వస్తుంది.

ఇంకొక సంగతి, ఆధార్ కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. కృష్ణ అవతలి నుంచి కూతురి దగ్గరకు వచ్చిన తల్లికి హైదరాబాదు బస్సులో టికెట్టు తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరిట ఇలాంటి పథకమే మొదలైంది గాని, అది ఆ రాష్ట్రంలో ఉండే మహిళలకే. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో ఏటికి ఇరువైపులా వియ్యాలు అందుకున్న కుటుంబాలు ఎన్నో. ఇవతల ఉచితంగా తిరిగిన మనిషి అవతలికి పోగానే డబ్బు తీయాలి, అటు నుంచి ఇటు వచ్చినా అంతే.

మగవారి సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 60 ఏళ్లు నిండిన వారికి ఆడ, మగ తేడా లేకుండా టికెట్టులో నాలుగో వంతు తగ్గిస్తుంది. కరోనా కాలంలో ఆగిన ఈ రాయితీని 2022 ఏప్రిల్‌లో తిరిగి ఇచ్చింది. రైల్వేశాఖ మాత్రం అలా చేయలేదు. 60 నిండిన పురుషులకు 40 శాతం, 58 నిండిన మహిళలకు 50 శాతం ఉన్న రాయితీని 2020 మార్చి 20 నుంచి నిలిపివేసింది. పార్లమెంటులో ఎన్నిసార్లు అడిగినా 2025 దాకా పునరుద్ధరణ జరగలేదు. నల్లగొండ, మిర్యాలగూడ స్టేషన్లలో సికింద్రాబాదు రైలెక్కే పెద్దలు పూర్తి ఛార్జీ ఇచ్చుకుంటున్నారు.

పోయిన 50 రూపాయల టికెట్టు

హైదరాబాదు సిటీ బస్సుల్లో వృద్ధుల కోసమని ఒక మంచి టికెట్టు కొన్నాళ్లు నడిచింది. ఆ సంగతి ఊళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. 2023లో ఆర్టీసీ టి-6 అనే టికెట్టు ప్రవేశపెట్టింది. 50 రూపాయలు ఇస్తే మహిళలు, 60 ఏళ్లు దాటినవారు ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 4 గంటల దాకా ఎన్ని బస్సులైనా మారవచ్చు.

ఆలోచించి చూస్తే వయసు మళ్లిన మనిషి తిరుగుడుకు ఇంతకంటే అనువైనది లేదు. ఉద్యోగం చేసేవాడికి పొద్దున 9కి ఆఫీసు, సాయంత్రం 6కి ఇల్లు. రిటైరైన మనిషికి ఆ తొందర లేదు. గుడికి పోయి, బ్యాంకులో పని చూసుకొని, పాత స్నేహితుణ్ణి పలకరించి, రద్దీ మొదలు కాకముందే ఇల్లు చేరవచ్చు. ఆర్టీసీకి కూడా మధ్యాహ్నం పూట ఖాళీగా తిరిగే సీట్లు నిండుతాయి. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ నష్టం లేని ఏర్పాటు అది.

మహాలక్ష్మి మొదలైన మూడు వారాలకే, 2024 జనవరి 1 నుంచి ఈ టికెట్టును రద్దు చేశారు. దానితోపాటు కుటుంబానికి ఇచ్చే ఎఫ్-24 టికెట్టూ పోయింది. గుర్తింపు కార్డులు చూసి వయసు నమోదు చేసి ఈ టికెట్లు ఇవ్వడానికి కండక్టర్లకు సమయం పడుతోందనీ, జీరో టికెట్ల పనితో అది కుదరడం లేదనీ చెప్పిన కారణం. కండక్టరు కష్టం నిజమే, కాదనలేం. అయితే మహిళలకు దానికి బదులుగా ఉచితం దొరికింది. వృద్ధ పురుషులకు ఉన్నదీ పోయింది, బదులుగా వచ్చిందేమీ లేదు. అప్పట్లో దీనిపై పెద్దగా గోల కూడా జరగలేదు. ఇంట్లో కూర్చున్న ముసలివారు ధర్నాకు రారు కదా.

తలుపు దగ్గర ఏం జరుగుతోంది

సిటీ ఆర్డినరీ బస్సులో ఆడవారు ముందు తలుపు నుంచి, మగవారు వెనుక తలుపు నుంచి ఎక్కడం నగరంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఉచితం వచ్చాక రద్దీ బాగా పెరిగింది. తప్పు ఎక్కినవారిది కాదు, ఎక్కేవారు పెరిగినంతగా బస్సులు పెరగకపోవడానిది. ఏమైనా వెనుక తలుపు దగ్గర కుర్రవాళ్లతో పోటీ పడి ఎక్కవలసిన పెద్దాయనకు దొరికేది వెనుక చక్రాల మీది సీటే. గుంతలో పడిన ప్రతిసారీ నడుము అదిరేది అక్కడే. వృద్ధులకు కేటాయించిన సీటు ముందున్నా, అక్కడిదాకా జనంలోంచి పోయి లెమ్మని అడగడానికి చాలామందికి నోరు రాదు.

సీటు సంగతి అటుంచితే, ముందు ఎక్కాలి గదా. మనవైపు బస్సులు చాలావరకు లారీల మాదిరి చట్రం మీద కట్టినవి. ఇంజను, ఇరుసులు కింద ఉండి వాటిపైన నేల వస్తుంది. అందువల్ల బస్సు లోపలి నేల రోడ్డుకు రెండు మూరల పైనే ఉంటుంది. దాన్ని అందుకోవడానికి నిలువు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, ఇంకో చేత్తో సంచీ మోస్తూ ఆ మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఒళ్లు పైకి లాక్కోవాలి. బస్సు ఫుట్‌పాత్ పక్కకు వచ్చి ఆగితే అర అడుగు కలిసి వస్తుంది. కాని బస్‌బేలో ఆటోలు, తోపుడు బండ్లు నిలిచి ఉంటాయి గనుక డ్రైవరు రోడ్డు మధ్యే ఆపుతాడు. ఆ అర అడుగు కూడా దక్కదు. స్టాపు దగ్గర ఆగకుండా పది గజాలు ముందుకు పోయి ఆగితే పరుగెత్తాలి. పరుగెత్తలేని మనిషి వచ్చేలోపు కండక్టరు రైట్ అంటాడు. డ్రైవర్లను తిట్టి లాభం లేదు. రోజుకు ఇన్ని ట్రిప్పులు పూర్తి చేయాలని డిపోలో లెక్క ఉంటుంది, ట్రాఫిక్కులో పోయిన సమయాన్ని వారు స్టాపుల దగ్గరే కలుపుకుంటారు.

జీరో టికెట్టు చేతికి అందే అవ్వకూ ఈ మెట్టు అంతే ఎత్తు. ఉచితమైన బస్సు ఎక్కలేక 100 రూపాయలు పెట్టి ఆటోలో పోయే ముసలమ్మలు నగరంలో ఏ బస్టాపులో చూసినా కనిపిస్తారు.

దీనికి మందు లేకపోలేదు. నేల కిందికి ఉండే బస్సుల తయారీ దేశంలో ఎప్పుడో మొదలైంది. వాటి నేల రోడ్డుకు 400 మిల్లీమీటర్ల ఎత్తులోనే, అంటే మూరకు తక్కువలోనే ఉంటుంది. తలుపు దగ్గర మెట్లే ఉండవు. వాటికీ మామూలు బస్సులకూ మధ్యరకం 650 మిల్లీమీటర్లవి. 2009 తర్వాత కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకం కింద నగరాలకు బస్సులు కొనడానికి డబ్బిచ్చినప్పుడు ఇలాంటివి హైదరాబాదుకూ వచ్చాయి. కాని మెట్టు తక్కువ ఉన్నవి ఎక్కువగా ఏసీ బస్సుల్లోనే కనిపిస్తాయి. అందులో ఛార్జీ ఎక్కువ, జీరో టికెట్టు చెల్లదు. ఎక్కడానికి వీలున్న బస్సు జేబుకు అందదు, జేబుకు అందే బస్సు కాలికి అందదు.

బోర్డు చదవడం మరొక తంటా. నగరంలో రూటు నెంబరు వెంట ఉన్న ఒక్క అక్షరంతో దారి మారిపోతుంది. పటాన్‌చెరు నుంచి వచ్చే 218 కోఠీ దగ్గర ఆగుతుంది, 218డి దిల్‌సుఖ్‌నగర్ దాకా వస్తుంది. అంకె కనబడినా ఆ చిన్న అక్షరం కనబడక కోఠీలో దిగబడినవారు ఎందరో. దూరం నుంచి వస్తున్న బస్సు బోర్డును శుక్లాలున్న కళ్లు పోల్చుకునే సరికే అది దాటిపోతుంది. పక్కనున్న విద్యార్థినో, కాలేజీ అమ్మాయినో అడగడమే ఇప్పటికి ఉన్న ఉపాయం. ఆ పిల్లలు చెవుల్లోంచి ఫోను తీగలు తీస్తే చక్కగానే చెబుతారు.

మెట్రోలో మెట్టు లేదు

మెట్టు లేకుండా ప్రయాణం ఎలా ఉంటుందో చూడాలంటే మెట్రో రైలు చూడాలి. 2017 నవంబరులో మొదలై, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ – మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ మార్గంతో మూడు దారులూ కలిసి 69 కిలోమీటర్లు అయింది. ఫ్లాటుఫారమూ రైలు నేలా ఒకే మట్టంలో ఉంటాయి. కింద రోడ్డు నుంచి పైదాకా లిఫ్టు ఉంటుంది. పెట్టెలో వృద్ధులకు సీట్లున్నాయి. సెల్‌ఫోనులో కొన్న టికెట్టే చెల్లుతుందని కొందరు భయపడతారు, అదేం లేదు. స్టేషనులో కౌంటరు ఉంటుంది, డబ్బిచ్చి కొనవచ్చు.

మన జిల్లావారికి ఇందులో ఒక అనుకూలం ఉంది. నల్లగొండ బస్సులు దాటి వచ్చే ఎల్.బి.నగర్ దగ్గరే ఎర్ర లైను మొదలవుతుంది. 2018 సెప్టెంబరులో ఇక్కడిదాకా రైలు వచ్చింది. నిమ్స్ ఆసుపత్రికి పోయేవారు ఎల్.బి.నగర్‌లో ఎక్కితే రైలు మారకుండా పంజాగుట్టలో దిగవచ్చు. గాంధీ ఆసుపత్రికైతే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర ఆకుపచ్చ లైనుకు మారాలి, ఆసుపత్రి పేరుతోనే స్టేషను ఉంది. నాగోలు, ఉప్పలు వైపు దిగేవారికి నీలం లైను. ఆసుపత్రిలో ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి గనుక ఈ ఒక్క పనికి మాత్రం రద్దీ వేళ తప్పదు. ఆ వేళ బస్సులో నిలబడి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

స్టేషను వల్ల ఇంకో ఉపయోగం కూడా ఉంది. నగరంలో పెద్దలు ఎక్కువగా భయపడేది రోడ్డు దాటడానికి. చాలా మెట్రో స్టేషన్లలో టికెట్టు కొనకుండానే ఒకవైపు లిఫ్టు ఎక్కి, పైన నడిచి, అవతలివైపు లిఫ్టులో దిగవచ్చు. ఉప్పల్ చౌరస్తాలో 2023లో కట్టిన ఆకాశ వంతెనకూ లిఫ్టులున్నాయి.

లోటు ఛార్జీలోనే ఉంది. మొదట్లో 10 నుంచి 60 రూపాయలున్న మెట్రో ఛార్జీ 2025 మే 24 నుంచి 11 నుంచి 69 రూపాయలైంది. వయసు చూసి తగ్గించే ఏర్పాటు అప్పుడూ చేయలేదు. పైగా స్టేషను నుంచి ఇల్లు రెండు కిలోమీటర్లుంటే మళ్లీ ఆటోయే శరణ్యం. ఎం.ఎం.టి.ఎస్. రైలు చౌక. 2003 నుంచి నడుస్తోంది. కాని ఒకటి పోతే మరొకటి వచ్చేదాకా చాలాసేపు కూర్చోవాలి, ఫ్లాటుఫారం మారాలంటే వంతెన ఎక్కాలి.

చెన్నైలో చేసినది

పొరుగున ఉన్న చెన్నై ఈ విషయంలో రెండు పనులు చేసింది. 2016 ఫిబ్రవరి నుంచి అక్కడ నివాసముండే 60 ఏళ్లు దాటినవారికి నెలకు 10 టోకెన్లు ఉచితంగా ఇస్తున్నారు. ఒక్కో టోకెనుకు ఒక్కో ప్రయాణం. పోను ఒకటి, రాను ఒకటి అనుకుంటే నెలలో ఐదుసార్లు బయటికి పోయి రావచ్చు. ఇది గొప్ప సంఖ్యేమీ కాదు. అయినా అందులో ఆడ, మగ తేడా లేదు, కండక్టరు ప్రతిసారీ పుట్టిన తేదీ చూసే పనీ లేదు. టి-6 రద్దుకు ఇక్కడ చెప్పిన కారణానికి అక్కడ జవాబు ముందే దొరికిందన్నమాట.

రెండో పని వికలాంగుల హక్కుల కోసం కొందరు మద్రాసు హైకోర్టుకు వెళ్లిన తర్వాత జరిగింది. 2024లో అక్కడ రోడ్డెక్కిన కొత్త బస్సులు 400 మిల్లీమీటర్ల నేలవి. స్టాపులో ఆగినప్పుడు ఎక్కేవారి వైపుకు కొంచెం వంగుతాయి కూడా. అవి ఏసీ బస్సులు కావు, మామూలు జనం ఎక్కే బస్సులే. అంటే తక్కువ మెట్టుకు ఏసీ ఛార్జీ పెట్టనక్కరలేదని తేలింది.

కొత్త బస్సులు వచ్చే వేళ

ఈ మాటలన్నీ ఇప్పుడు అనుకోవడానికి కారణముంది. కేంద్రం పి.ఎం. ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాదుకు 2,000 కరెంటు బస్సులు కేటాయించింది. ఇంకోవైపు 2025 అక్టోబరు 6 నుంచి నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల ఛార్జీలు మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెరిగాయి. కరెంటు బస్సులకు ఛార్జింగు ఏర్పాట్ల కోసమే ఈ పెంపు అని ఆర్టీసీ ప్రకటించింది. ఆ బస్సుల్లో మహిళలకు ఉచితం గనుక ఈ 5, 10 రూపాయలు కట్టేది మగవారే. వారిలో పెన్షను మీద బతికే పెద్దలూ ఉన్నారు. రాబోయే బస్సులకు డబ్బు తాము కడుతున్నప్పుడు, ఆ బస్సు మెట్టు తమ కాలికి అందేట్టు ఉండాలని అడిగే హక్కు వారికి లేదనలేరు.

ఒకసారి కొన్న బస్సు పది, పన్నెండేళ్లు తిరుగుతుంది. నేడు 55 ఏళ్ల వయసులో పొలం చేసుకుంటున్న మన రైతు, 61కి రిటైరు కాబోతున్న మన పంతులుగారు నగరంలో పిల్లల దగ్గరకు చేరేనాటికి ఎదురయ్యేవి ఈ బస్సులే. కరెంటు బస్సుకు కింద పెద్ద ఇంజను ఉండదు గనుక నేలను దించడం మునుపటికంటే తేలిక. ధర కొంత ఎక్కువవుతుంది, గుంతల రోడ్లపై అడుగు తగులుతుంది అన్న అభ్యంతరాలు ఉండనే ఉన్నాయి. వాటిలో రెండోది రోడ్లు బాగుచేయవలసిన కారణం అవుతుందే గాని, ముసలివారిని మెట్టు మీద వేలాడదీయడానికి కారణం కాబోదు.

పెన్షనర్ల సంఘాలు జిల్లాలోని ప్రతి పట్టణంలో ఉన్నాయి. కరువు భత్యం బకాయిల గురించి వినతిపత్రాలు ఇస్తూనే ఉంటాయి, ఇవ్వవలసిందే. అదే కాగితంలో మరో రెండు కోరికలు చేర్చడానికి ఖర్చేమీ లేదు: పగటిపూట 10 నుంచి 4 దాకా వృద్ధుల టికెట్టును, కండక్టరుకు భారం కాకుండా కార్డు రూపంలో తిరిగి ఇవ్వాలని ఒకటి, నగరానికి వచ్చే కొత్త బస్సుల్లో ఆర్డినరీ సర్వీసులకు కూడా నేల ఎత్తు ఇంతకు మించరాదని ఒప్పందంలో రాయాలని రెండోది. బస్సులు రోడ్డు మీదికి వచ్చాక మెట్టును ఎవరూ తగ్గించలేరు.